అరేబియాలో పాత లేసులు, మన అల్లికలు



మేము సౌదీ అరేబియాలోని జెద్దా నగరంలో కొన్నేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు బోధించి తిరిగి వచ్చిన సంగతి మన సభలో చాలామందికి తెలిసినదే. అక్కడి విశేషాలేవైనా పత్రికకు రాయమని పెద్దలు అడిగారు. బంగారం అంగళ్ళ గురించో, ఎడారి గురించో, చమురు బావుల గురించో రాస్తామని వారు అనుకొని ఉంటారు. అవన్నీ రాసినవారు చాలామంది ఉన్నారు. మేము పాత బట్టల గురించి రాయదలచుకున్నాము. నూరేళ్ళు దాటిన లేసు గౌన్లు, జరీ కుట్టిన అంగీలు, వాటిని దాచేవారు, వాటిని చేసినవారు - ఇదే మా విషయం. మా తెలుగు చిన్ననాడు శుక్రవారం సాయంత్రపు తరగతులలో గురువుగారి బెత్తం ముందు నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించగలరు.

ఎడ్వర్డు కాలం

విక్టోరియా రాణి 1901 జనవరి 22న మరణించింది. ఆమె పెద్ద కుమారుడు ఏడవ ఎడ్వర్డు పేరుతో 1910 మే 6 వరకు రాజ్యం చేశాడు. ఆ తొమ్మిదేళ్ళనే ఎడ్వర్డు కాలం అంటారు. పాత బట్టలు సేకరించేవారు మాత్రం దానిని కొంచెం సాగదీసి, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదాకా లెక్కిస్తారు.

ఆనాటి సంపన్న స్త్రీల వేసవి దుస్తులు తెల్లని సన్నని నూలుబట్టతో కుట్టేవారు. మెడను చెవులదాకా కప్పే లేసు కాలరు ఉండేది. అది వాలిపోకుండా లోపల సన్నని పుల్లలు పెట్టేవారు. రొమ్ము మీద వరుసగా సన్నమడతలు, మడతకూ మడతకూ నడుమ లేసు పట్టీలు, చేతుల చివర లేసు అంచు ఉండేవి. వెనుక వైపు చిన్న చిన్న హుక్కులో బొత్తాలో ఉండేవి. వాటిని తనంతట తాను పెట్టుకోవడం కష్టం. ఇంట్లో ఒక పనిమనిషి ఉండాలి. ఉతకడానికి ఇంకొకరు, గంజి పెట్టి ఇస్త్రీ చేయడానికి మరొకరు కావాలి. అంటే ఆ తెల్ల గౌనును ఒక్కరు వేసుకోవడానికి ముగ్గురు నలుగురు పనిచేయాలన్నమాట.

ఈ కాలం మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. మన పూర్వులను తెచ్చిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చివరి ఓడలు 1911లో వచ్చాయి. ఆ యాభై ఏళ్ళలో 1,52,000 మందికి పైగా చెరకుతోటలకు, రైలుమార్గాలకు, బొగ్గుగనులకు వచ్చారు. కనుక ఎడ్వర్డు కాలం మన గిర్మిట్ చరిత్రలో చివరి దశాబ్దం. మా తాతగారి తల్లి ఆ దశాబ్దంలోనే ఓడ దిగింది.

ఓడల జాబితాలు చూసినవారికి తెలుసు. అందులో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు రాసి ఉంటాయి. మా ముత్తవ్వకు ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ ఉన్నదని మాకు ఆ జాబితా వల్లనే తెలిసింది. ఆమె ఒంటిమీద ఏ బట్ట ఉన్నదో మాత్రం ఎవరూ రాయలేదు. దానిని గుర్తుపెట్టుకొని తక్కిన సంగతులు చదవవలసిందిగా ప్రార్థన.

ఆనాటి అరేబియా

ఎడ్వర్డు రాజు లండన్‌లో పట్టాభిషేకం చేసుకున్న 1902లోనే అబ్దుల్ అజీజ్ అనే యువకుడు కొద్దిమంది అనుచరులతో రియాద్ కోటను పట్టుకున్నాడు. అప్పటికి జెద్దా, మక్కా, మదీనా ఉన్న హిజాజ్ ప్రాంతం తుర్కీ సుల్తాను ఏలుబడిలో ఉన్నది. 1908లో డమాస్కస్ నుండి మదీనాకు రైలు వచ్చింది. అబ్దుల్ అజీజ్ 1925లో జెద్దాలో ప్రవేశించాడు. 1932లో రాజ్యానికి సౌదీ అరేబియా అని పేరు పెట్టాడు.

రియాద్ ఎడారి నడుమ మట్టిగోడల ఊరైతే, జెద్దా ఓడరేవు. బొంబాయి నుండి, సూయజ్ నుండి, జావా నుండి యాత్రికుల ఓడలు వచ్చేవి. యాత్రికులతోపాటు బట్టల మూటలు దిగేవి. పాత జెద్దాలో ఈనాటికీ పగడపు రాళ్ళతో కట్టిన ఎత్తైన మేడలు ఉన్నాయి. వాటి కిటికీలకు రొషాన్ అనే చెక్క జాలీలు బిగించి ఉంటాయి. లోపల ఉన్నవారికి వీధి కనిపిస్తుంది, వీధిలోని వారికి లోపలివారు కనిపించరు. మధ్యాహ్నపు ఎండ ఆ జాలీలగుండా నేల మీద పడినప్పుడు పరచిన లేసులాగే ఉంటుంది. ఈ పాత పట్నాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నసీఫ్ వారి మేడ ముందర ఒక వేపచెట్టు ఉన్నది. ఒకప్పుడు ఊరంతటికీ అదొక్కటే చెట్టని చెబుతారు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మేడను చూడకుండా ఆ చెట్టు కిందనే చాలాసేపు నిలబడ్డాము. ఉగాదికి డర్బన్‌లో వేపపువ్వు కోసం ఎంత వెదుకుతామో మన ఆడవారికి తెలియనిది కాదు.

ఆ మేడలలోని స్త్రీలు ఇంట్లో సిదైరియ్యా అనే తెల్లని సన్నబట్ట రవిక, సిర్వాల్ అనే పైజామా వేసుకొనేవారు. రవికకు ముందువైపు వెండి బొత్తాలు, ఉన్నవారికి బంగారు బొత్తాలు ఉండేవి. పైన జబూన్ అనే పొడవాటి కోటు వేసుకొనేవారు. సన్నని వాయిలూ మస్లినూ సముద్రం మీదుగా వచ్చిన బట్టలే. ఇక పల్లెలలో, కొండలలో, ఎడారిలో వేరే సంప్రదాయాలు. దక్షిణాన అసీర్ కొండల స్త్రీలు నల్లని అంగీల పక్కలకు పసుపుపచ్చని దారంతో దట్టంగా కుట్టుపని చేస్తారు. తాయిఫ్ చుట్టుపక్కల తెగలవారు సీసపు పూసలు కుట్టి అంగీలను బరువెక్కిస్తారు. తూర్పున అల్-అహ్సాలో పురుషుల బిష్త్ అనే పై అంగీకి మెడచుట్టూ జరీ కుట్టడం కొన్ని కుటుంబాల వృత్తి. అక్కడి స్త్రీల నషల్ అంగీ అతి పలుచని బట్టమీద జరీతో మెరిసిపోతుంది.

దాచిన చేతులు

1938లో దమ్మామ్ ఏడవ నంబరు బావిలో చమురు పడింది. ఆపైన డబ్బు వచ్చింది, విమానాలు వచ్చాయి, రెడీమేడ్ బట్టలు వచ్చాయి. ఒక్క తరంలో పాత అంగీలు పెట్టెల అడుగుకు పోయాయి. చాలా బట్టలు గుడ్డపేలికలైపోయాయి. జరీ ఉన్నవాటిని వెండి కోసం కాల్చి కరిగించడం మన దేశంలోనూ పాత పట్టుచీరలకు జరిగినదే.

కొందరు మాత్రం మేలుకొన్నారు. జెద్దాలో 1940లో పుట్టిన సఫియా బిన్‌జగర్ అనే చిత్రకారిణి హిజాజ్ పెళ్ళిళ్ళను, పాత దుస్తులను, ఇంటి పనులను బొమ్మలుగా వేసింది. 1968లో జెద్దాలో ఆమె చేసిన ప్రదర్శన ఆ దేశపు స్త్రీలు చేసిన తొలి చిత్రప్రదర్శనలలో ఒకటి. బొమ్మ గీయడానికి ముందు అసలు దుస్తులను వెదికి సేకరించేది. ముసలమ్మలను అడిగి ఏ బట్ట ఎప్పుడు కట్టేవారో తెలుసుకొనేది. జెద్దాలో తన పేరనే ఒక చిత్రశాల స్థాపించి, 2024లో కన్నుమూసింది. హెదర్ కోలియర్ రాస్ అనే పరదేశి వనిత సేకరణలు చేసి, 1981లో అరేబియా దుస్తుల మీద ఒక గ్రంథం ప్రచురించింది. 1990ల చివరలో కొందరు సౌదీ స్త్రీలు మన్సూజాత్ అనే సంస్థను ఏర్పరచి తెగల వారీగా పాత దుస్తులను కూర్చారు.

ఇక రెండో రకం సేకరణ ఒకటి ఉన్నది. చమురు కంపెనీలకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు వచ్చిన ఐరోపా, అమెరికా కుటుంబాలు తమ అమ్మమ్మల లేసులను పెట్టెలలో వెంట తెచ్చుకున్నాయి. మాతో పనిచేసిన ఒక ఇంగ్లండు ఉపాధ్యాయిని అలాంటివారిలో ఒకరు. వారింట్లో ఒక గది నిండా ఎడ్వర్డు కాలపు బట్టలు ఉండేవి. సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడల్లా రెండు మూడు కొని తెచ్చేవారు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ, చీటీ మీద ఒక నంబరు. మాకు లేసు పాఠాలు చెప్పిన గురువు ఆమెయే.

భూతద్దం పాఠాలు

ఆమె చెప్పిన మొదటి మాట: "కళ్ళను నమ్మవద్దు, భూతద్దాన్ని నమ్మండి." నాటింగ్‌హామ్‌లో, కాలేలో యంత్రాలు పందొమ్మిదవ శతాబ్దంలోనే చేతిలేసును పోలిన లేసును గజాల కొద్దీ తీసేవి. స్విట్జర్లండులో, జర్మనీలో మరో ఉపాయం కనిపెట్టారు. పట్టుబట్ట మీద యంత్రంతో కుట్టి, తరువాత ఆ బట్టను మందునీళ్ళలో కరిగించేస్తే కుట్టు మాత్రం లేసుగా మిగులుతుంది. దాని అంచు భూతద్దంలో నూగునూగుగా కనిపిస్తుంది. సూదితో చేసిన అసలు లేసులో ఒక్కొక్క కుట్టూ కాజాకుట్టులా విడివిడిగా తెలుస్తుంది. యంత్రపు లేసులో తప్పు ఉంటే ఆ తప్పు ప్రతి గజంలోనూ అదేచోట మళ్ళీ మళ్ళీ వస్తుంది. చేతిలేసులో తప్పు ఒక్కసారే వస్తుంది. ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట మిక్కిలి నచ్చింది. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లలను పట్టుకొనేది ఇదే పద్ధతిలో కదా!

కొక్కెపు సూదితో అల్లే క్రోషే విషయం వేరు. అసలైన క్రోషే అల్లికను చేసే యంత్రం ఆ కాలంలో లేదు. కనుక ప్రపంచంలో ఎక్కడ ఏ పాత క్రోషే ముక్క కనిపించినా, దాని వెనుక ఎవరో ఒక మనిషి కూర్చొని అల్లినట్టే లెక్క.

అంగట్లో మోసాలూ ఉంటాయి. మేము ఒకసారి ఒక వర్తకుని మాట నమ్మి 1905 నాటిదని ఒక కాలరు కొన్నాము. ఇంటికి తెచ్చి చూస్తే కుట్టిన దారం నైలాను. నైలాను 1930ల చివరలో గాని లోకానికి రాలేదు. మా స్నేహితురాలు నవ్వి ఒక నీలికిరణాల దీపం తెచ్చి చూపించారు. ఈ రోజుల సబ్బుపొడులలో కలిపే తెలుపు మందు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. మా కాలరు దీపావళి మతాబులా వెలిగింది.

దాచే పద్ధతి కూడా నేర్చుకున్నాము. గంజి పెట్టి దాచకూడదు, గంజికి పురుగు వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. గుండుసూదులు, ఇనుప హుక్కులు తగిలితే తుప్పు మరక పడుతుంది. మడత పెడితే మడత దగ్గర దారం తెగుతుంది, కనుక ఆమ్లం లేని కాగితంతో చుట్టాలి. పాత పట్టు గౌన్లు కొన్ని ఎంత జాగ్రత్తగా ఉంచినా పొడవునా చీలిపోతాయి. ఆనాటి వర్తకులు పట్టు బరువెక్కడానికి తగరపు లవణాలలో ముంచేవారు. ఆ లవణమే నూరేళ్ళుగా బట్టను లోపలినుండి తింటూ ఉంటుంది. తూకంలో చేసిన మోసం మనవరాళ్ళ కాలంలో బయటపడిందన్నమాట.

మన బట్ట అరేబియాలో

లేసులు పడమటి నుండి వస్తే, తూర్పు నుండి ఏమి వచ్చింది? మన దేశపు బట్ట వచ్చింది. పాఠకులు చీరాల పేరు విని ఉంటారు. అక్కడి నేతగాళ్ళు తేలియా రుమాలు అనే చదరపు బట్టను నేసేవారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిండి, ఆపైన చిక్కగా కట్లు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసేవారు. ఆ నూనె వాసన బట్టను చాలాకాలం వదలదు, అందుకే ఆ పేరు. ఎండకూ దుమ్ముకూ తలకు చల్లగా ఉంటుందని అరబ్బు దేశాలవారు దానిని తలగుడ్డగా కట్టుకొనేవారు. ఎడ్వర్డు కాలంలో ఈ వర్తకం బాగా సాగింది. చీరాలలో ఆ నేత తగ్గిపోయినా తెలంగాణాలోని పుట్టపాక నేతగాళ్ళు దానిని నిలబెట్టారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

మరొక సంగతి. మక్కాలోని కాబాను కప్పే కిస్వా అనే నల్లని పట్టువస్త్రం ఎడ్వర్డు కాలంలో కైరో నగరంలో తయారై ఊరేగింపుగా వచ్చేది. 1926లో ఆ ఊరేగింపు విషయమై తగాదా వచ్చి ఈజిప్టు పంపడం మానుకున్నప్పుడు, అబ్దుల్ అజీజ్ రాజు 1927లో మక్కాలోనే నేతశాల పెట్టించాడు. అందులో తొలినాళ్ళలో పనిచేయడానికి హిందూస్థానం నుండి నేతగాళ్ళను రప్పించారు. మేము హిందువులం, మాకు మక్కాలో ప్రవేశం లేదు. కాని పాత కిస్వా ముక్కను ప్రదర్శనశాల అద్దంలో చూశాము. నల్లని పట్టు మీద ఉబ్బెత్తుగా కుట్టిన బంగారు జరీ అక్షరాలు. చీటీ మీద సంవత్సరం ఉన్నది, నగరం ఉన్నది. సూది పట్టినవారి పేరు లేదు.

గోదావరి లేసు

ఇక అసలు సంగతికి వస్తాము. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పెద్ద కరువు తాకింది. గోదావరి సీమ కూడా ఆ రోజులలో బాగా నలిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 దాకా పూర్తికాలేదు. అటువంటి రోజులలో, 1844 ప్రాంతంలో, మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు గోదావరి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఇంచుమించు అవే సంవత్సరాలలో, 1845 నుండి ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి లక్షలమంది చనిపోయినప్పుడు, అక్కడి క్రైస్తవ సన్యాసినులు ఆకలిగొన్న స్త్రీలకు క్రోషే నేర్పారు. రెండు దేశాలు, రెండు కరువులు, ఒకటే కొక్కెం. ఆ ఐర్లండు క్రోషేయే ఎడ్వర్డు కాలంలో ధనికుల గౌన్లకు గొప్ప సింగారమైంది. అదే కాలంలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతపు అల్లికలు కూడా వర్తకుల ద్వారా విదేశాలకు ఎగుమతి కాసాగాయి.

మరియా మీస్ అనే జర్మనీ పండితురాలు నరసాపురం స్త్రీల మధ్య ఉండి పరిశోధించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. అల్లేవారి సంఖ్య లక్షకు పైనేనని ఆమె అంచనా. వర్తకుడు ఏజెంటుకు దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, పువ్వులను కలిపే అతుకుపని మరొకరిది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు కూర్చున్నా చేతికి వచ్చేది అణాపైసలు. పైగా అది పని కాదట! "ఇంట్లో ఖాళీగా కూర్చొని అల్లుకుంటారు" అని లోకం అనేది. సర్కారు లెక్కలలో వారు గృహిణులు మాత్రమే. తాము చేసిన వస్తువు ఏ దేశం చేరుతుందో, ఎంతకు అమ్ముడవుతుందో వారికి తెలియదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు అలా నిలిచింది.

ఒక ప్రశ్న

మా స్నేహితురాలి ఇంటికి వారానికి రెండుసార్లు పనికి వచ్చే ఒకామె ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా, నరసాపురం దగ్గరి పల్లె. ఆ జిల్లాల నుండి ఎందరో స్త్రీలు కువైట్‌కు, సౌదీకి ఇంటిపనులకు వస్తారన్న సంగతి విదితమే. మా తెలుగు విని ఆమె మొదట నవ్వు ఆపుకోలేకపోయింది. "పుస్తకం చదివినట్టు మాట్లాడతారేంటండీ, టీచరమ్మగారూ!" అన్నది. నూరేళ్ళ కింద సముద్రం దాటినవారి మనవలమని చెబితే, "అయితే మీరూ మాలాగే పనికొచ్చినోళ్ళేనన్నమాటండి" అన్నది. మా చరిత్రను అంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

ఒకనాడు మా స్నేహితురాలు ఒక క్రోషే కాలరును బల్ల మీద పరచి మాకు చూపిస్తున్నారు. ఆమె నేల తుడుస్తూ వచ్చి ఆగింది. చేతులు కొంగుకు తుడుచుకొని, "ముట్టుకోవచ్చాండీ?" అని అడిగింది. తిరగేసి చూసి, గోటితో ఒక పువ్వు నడిమి రింగును చూపించింది.

"మొదలు ఇక్కడండి. రింగు కట్టి దాని చుట్టూ అల్లుకొచ్చారు. ఈ పువ్వు మా అమ్మమ్మా అల్లేదండి. కానీ ఇది మా వైపుది కాదండి. లోపల లావు దారం పెట్టి దానిమీద అల్లారు చూడండి. మా ఇంట్లో అలా పెట్టేవారు కాదండి."

మేము ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాము. మా స్నేహితురాలు ఆశ్చర్యపోయారు. ఐర్లండు క్రోషేకు లోపలి లావు దారమే గుర్తు అని పుస్తకాలలో ఉన్నది. ఎన్నో ఏళ్ళు చదివి ఆమె నేర్చుకున్నదానిని ఈమె ఒక్క చూపులో చెప్పింది.

తరువాత ఆమె చీటీలో ఏమి రాసి ఉన్నదని అడిగింది. చదివి చెప్పాము: ఐర్లండు క్రోషే, సుమారు 1908, చేసినవారు తెలియదు.

"చేసినావిడ పేరు రాయరాండీ?"

తెలియదు కదా అన్నాము. ఆమె కాలరును మెల్లగా బల్ల మీద సరిచేసి పెట్టింది. "మా అమ్మమ్మవి కూడా ఇలాగే ఎవరింట్లోనో ఉంటాయి కాబోలండి" అని మళ్ళీ గుడ్డ తడుపుకొన్నది.

ఆమె అమ్మమ్మ అరుగు మీద కూర్చొని పొద్దు వాలేదాకా అల్లేదట. చూపు తగ్గాక వేళ్ళతో తడిమి అల్లేదట. తాను కూడా చిన్నప్పుడు నేర్చుకున్నది గాని, ఆ డబ్బుతో కూతురిని చదివించలేక సౌదీ వచ్చింది. అమ్మమ్మ అల్లినవి ఓడలెక్కి పోయాయి, మనవరాలు విమానం ఎక్కి వచ్చింది.

రెండు నెలల తరువాత ఒప్పందం ముగిసి ఆమె స్వదేశం వెళ్ళిపోయింది. అప్పుడు గాని మాకు తట్టలేదు. చేసినవారి పేరు రాయలేదని లోకాన్ని తప్పు పడుతూ తిరిగిన మేము, ఆమె అమ్మమ్మ పేరు అడగనేలేదు. నోటుపుస్తకంలో దారం గురించి రాసుకున్నాము, రింగు గురించి రాసుకున్నాము. పేరు రాసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఉదయం హాజరు పట్టీలో పేర్లు పిలిచే ఉపాధ్యాయులం మేము.

మన పెట్టెలు

డర్బన్ తిరిగి వచ్చాక మా అమ్మగారి ఇనుప పెట్టె తెరిచాము. అడుగున ఒక తెల్ల రవిక ఉన్నది. మెడకు, చేతులకు సన్నని క్రోషే అంచు. భూతద్దం పెట్టి చూశాము. దారం నూలుదే. తప్పులు నాలుగు చోట్ల ఉన్నాయి, నాలుగూ వేరువేరుగా ఉన్నాయి. కనుక చేతిపనే. అది ముత్తవ్వ దేశం నుండి తెచ్చుకున్నదా, ఇక్కడ తోటలో లాంతరు ముందు తానే అల్లుకున్నదా, దొరసాని వాడి ఇచ్చేసినదా? అమ్మగారికి తెలియదు. చెప్పగలిగిన పెద్దమ్మగారు పోయి పదకొండేళ్ళయింది. ఆమె బతికి ఉండగా మేము ప్రతి పండుగకూ వెళ్ళి, గారెలు తిని, కాళ్ళకు మొక్కి వచ్చేవారము. పెట్టె తెరవమని ఒక్కసారైనా అడగలేదు.

రవిక మీది అంచు గోదావరి అల్లికేనని చెప్పి పాఠకులను సంతోషపెట్టవచ్చు. కాని రుజువు లేనిదే చరిత్ర అని రాయకూడదు. రుజువు ఉన్నంతవరకు మాత్రం మేము ఒక చీటీ రాసి పెట్టాము. ముత్తవ్వ పేరు, ఆమె ఓడ నంబరు, ఊరు, జిల్లా, మోచేతి మచ్చ, ఆపైన "ఆమె రవిక" అని. జాబితా రాసిన గుమాస్తా వదిలేసిన ఒక గడిని నింపినట్టయింది.

కనుక సోదరీ సోదరులకు మా విన్నపం ఇది. మీ ఇళ్ళలో పెట్టెలు తెరవండి. పాత రవికలు, పంచెలు, పెళ్ళిచీరలు, దిండు గలీబులు, లేసు గుడ్డలు ఏవి ఉన్నా పారవేయకండి. ఉతకకండి, గంజి పెట్టకండి, ప్లాస్టిక్‌లో చుట్టకండి. ముందుగా ఇంట్లోని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరిది? ఎవరు చేశారు? ఎప్పుడు కట్టేవారు? ఎవరి ద్వారా మీకు వచ్చింది? జవాబులు వారి మాటలలోనే రాయండి. తెలుగు రాకపోతే ఇంగ్లీషులో రాయండి. పెన్సిలుతో కాగితం మీద రాసి బట్టతోపాటు ఉంచండి, బట్ట మీద సిరా పడనీయకండి.

రాబోయే ఉగాది సమావేశంలో పచ్చడి పంచిన తరువాత హాలు వెనుక బల్ల దగ్గర మేము ఒక రిజిస్టరు, ఒక భూతద్దం పెట్టుకొని కూర్చుంటాము. మీ వస్తువులు తీసుకొని రండి. తీసుకొనము, చూసి, రాసుకొని మీకే తిరిగి ఇస్తాము. రిజిస్టరులో మొదటి గడి వస్తువుకు కాదు. చేసినవారి పేరుకు ఉంచాము. తెలియనిచోట తెలియదనే రాస్తాము, కాని అడిగిన తరువాతనే రాస్తాము.

నరసాపురం దగ్గరి ఆ పల్లెకు కూడా ఒక ఉత్తరం రాశాము. ఊరి పేరు తెలుసు, ఇంటిపేరు తెలుసు. చేరుతుందో లేదో చూడాలి. అందులో ఒక్కటే అడిగాము.